ఏజెన్సీ బడిలో చేరిన కొత్త టీచరుకు కొన్ని తలకిందుల సలహాలు

కౌన్సెలింగులో పాడేరు కొండల మీదో, సీతంపేట పైనో, ఉట్నూరు లోపలో, భద్రాచలం అవతలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాల మీ వంతుకు వచ్చిందని తెలియగానే సలహాలు మొదలవుతాయి. కాపురం కింద టౌనులోనే పెట్టండి. ఆ పిల్లలకు ఏమీ రాదు, అ ఆల నుంచి మొదలుపెట్టి వచ్చినంతవరకు చెప్పండి. వాళ్ల భాష జోలికి పోకండి, అలవాటైతే తెలుగు రాదు. కొన్నాళ్లు ఓపిక పడితే ఎలాగూ బదిలీ. దోమతెర కొనుక్కోండి. వీటిలో చివరిది మాత్రం వినండి, వానాకాలంలో మలేరియా మాట నిజం.

నేను చెప్పబోయేవి దీనికి పూర్తిగా ఎదురు నడుస్తాయి. శిక్షణా తరగతుల్లో ఇవి చెప్పరు. మీ ఎంఈఓకి చెబితే మొదట తప్పనే అంటారు. కొండ బడుల మధ్యే ఉద్యోగం వెళ్లదీసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: అక్కడ వెనకబడి ఉన్నది పిల్లలు కాదు, బడి. తను ఏ ఊళ్లో ఉందో ఆ బడికి తెలియదు. ఆ ఊరి భాష, పంట, పండుగ, అడవి, అప్పు ఏవీ తెలియకుండానే పిల్లలకు పాఠం చెప్పబోతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం అక్షరాస్యత 67 శాతం ఉంటే గిరిజనుల్లో 49 శాతమే ఉంది. ఆ తేడాను పిల్లల నెత్తిన రుద్దకండి.

మొదటి నెల వాచకం తెరవకండి

చేరిన వారంలోనే బేస్‌లైన్ పరీక్ష పెట్టి, ఎవరికి ఎన్ని అక్షరాలు వచ్చో గళ్లలో నింపమంటారు. నింపి పంపండి. కానీ ఆ గళ్లు చూసి పిల్లల మీద ఒక అంచనాకు రాకండి. ఆ నెలంతా నేర్చుకోవాల్సింది మీరు.

ఒక పొడుగు నోటుపుస్తకం కొనుక్కోండి. పిల్లల భాషలో మాటలు రాసుకోవడానికి అది. చాలామంది టీచర్లు ముందుగా ఆజ్ఞలు నేర్చుకుంటారు: కూర్చో, లే, రాయి, అరవకు. వాటితో పని లేదు, చేత్తో చూపినా పిల్లలు చేసేస్తారు. మీరు ముందు నేర్చుకోవాల్సినవి వాళ్ల ఫిర్యాదులు. కడుపు నొప్పి. వాడు కొట్టాడు. ఆకలి. అమ్మ కావాలి. బయటికి వెళ్లాలి.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడికి ఒంటికి వెళ్లాలనిపిస్తుంది. తన భాషలో అడిగితే టీచరుకు అర్థం కాదని మొదటి రోజే తెలిసిపోయింది. తెలుగులో ఎలా అడగాలో తెలియదు. అడక్కుండా లేచి వెళితే తిడతారు. కాళ్లు దగ్గరగా పెట్టుకుని, పలకను ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు జరుగుతాడు. నిక్కరు తడుస్తుంది. పక్కవాళ్లు నవ్వుతారు. మర్నాడు రాడు, ఆ మర్నాడూ రాడు. హాజరు పట్టీలో ఆ గళ్లన్నీ ఆబ్సెంటుతో నిండిపోతాయి, నెలాఖరుకు 'తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదు' అన్న వాక్యం రిపోర్టుకు ఎక్కుతుంది. ఆ ఇంటికి వెళ్లి చూడండి. తల్లి వాణ్ని బుజ్జగిస్తూ, బతిమాలుతూ, రెండు తగిలిస్తూ బడికి పంపాలనే చూస్తూ ఉంటుంది. ఒక్క మాట మీకు తెలిసి ఉంటే వాడు ఐదో తరగతి దాకా మీ ముందే కూర్చునేవాడు.

నోటుపుస్తకంలో మాటలు రాసేటప్పుడు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. మీరు తప్పుగా పలికితే వాళ్లు నవ్వుతారు, సరిదిద్దుతారు. టీచరుకు తప్పు దిద్దిన పిల్ల మళ్లీ నోరు మూసుకుని కూర్చోదు. సవరలో గొంతులో టక్కున ఆగిపోయే ఒక శబ్దం ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. అక్కడ ఏ గుర్తు పెడదామని పిల్లల్నే అడగండి. ఒకడు చుక్క అంటాడు, ఒకతె గీత అంటుంది. రాత అనేది మనుషులు తమలో తాము కుదుర్చుకున్న పద్ధతి అని ఏడేళ్ల వయసులోనే తెలుసుకున్న పిల్లలకు అక్షరం అంటే భయం ఉండదు.

ఒకే గదిలో మూడు భాషల పిల్లలు ఉంటే ఏం చేయాలని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. విశాఖ మన్యంలో కువి మాట్లాడే పిల్లల పక్కనే ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్లు, ఆ పక్కనే ఇంట్లో తెలుగే మాట్లాడే భగత పిల్లలు కూర్చుంటారు. విరామంలో బయట నిలబడి వినండి. ఆటలో తగువు వచ్చినప్పుడు అందరూ ఏ భాషలోకి దిగుతారో చూడండి. మీ తరగతి భాష అదే. మిగిలిన భాషల పిల్లలకు ఆ భాష వచ్చిన పెద్ద పిల్లను జోడుగా కూర్చోబెట్టండి.

తెలుగు ఆలస్యంగా మొదలుపెట్టండి

దీనికి మీ మీద కోపగించుకునేవాళ్లు ఎక్కువ. పై అధికారులు సరే, తల్లిదండ్రులే మొదట ఎదురు తిరుగుతారు. "మా భాష మా పిల్లలకు వచ్చు కదా సారూ, అది మీరు నేర్పేదేంది, ఇంగ్లీషు చెప్పండి" అంటారు. వాళ్ల మాటలో ఒక బతుకు అనుభవం ఉంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, పోలీసు స్టేషనులో, అటవీ చెక్‌పోస్టులో ఏ భాష రాక తలవంచుకు నిలబడాల్సి వచ్చిందో వాళ్లకు తెలుసు. దాన్ని కొట్టిపారేయకండి. పిల్లలకు తెలుగూ ఇంగ్లీషూ రావాల్సిందే. ఎప్పుడు, ఏ దారిన రావాలన్నదే మన పని.

చదవడం అనే విద్య ఒక్కసారే వస్తుంది. తెలిసిన మాటలో వస్తే త్వరగా వస్తుంది, తెలియని మాటలో వస్తే బట్టీ అవుతుంది. మూడో తరగతి పిల్ల తెలుగు పాఠం గడగడా అప్పజెప్పి, పుస్తకం తలకిందులుగా పెట్టినా ఆపకుండా చదివేసే బడులు మీకూ తగులుతాయి. ఆ పిల్ల చదవలేదు, విన్నది చెప్పింది. అదే పిల్లకు తన భాషలో, తనకు తెలిసిన కథను తెలుగు లిపిలో రాసి ఇవ్వండి. కూడబలుక్కుంటూ, మధ్యలో ఆగి, అర్థమైన చోట నవ్వి మళ్లీ చదువుతుంది. అక్షరాలు అవే కాబట్టి ఏడాది తిరిగేసరికి తెలుగులోకి వెళ్లడానికి కొత్తగా లిపి నేర్పే పని ఉండదు. మాటలు చాలు. నోటితో తెలుగు మొదటి రోజు నుంచే ఆటగా, పాటగా నడవనివ్వండి. రాతలో మాత్రం తొందరపడకండి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసే పని మొదలైంది. ఆ భాషలు మాట్లాడేవాళ్లే కూర్చుని రాశారు. నేను చూసిన చాలా బడుల్లో ఆ పుస్తకాలు బీరువాలోనే ఉండిపోయాయి, వాటిని చదివి చెప్పగల టీచరు లేక. మీ బడి బీరువా ముందుగా వెతకండి. లేకపోతే ఐటీడీఏ ఆఫీసులో అడగండి, పక్క మండలంలో అడగండి. ఎవరైనా అడ్డుపడితే రాజ్యాంగం 350ఎ అధికరణం చూపండి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని 1956 నుంచి అందులో ఉంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షనూ సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటుంది.

ఆగస్టు 29న మీ బడిలోనూ తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. గిడుగు రామమూర్తి ఫొటోకు దండ వేస్తారు. ఆ రోజు పిల్లలకు ఆయన గురించి ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు సొంత డబ్బుతో నడిపారు. కొండల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వజూపితే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. వాడుక తెలుగు కోసం అంతగా పోరాడిన మనిషికి, కొండ మీద పిల్లవాడి వాడుక భాష ఏమిటన్నది ముందు తట్టింది. ఆయన దినం నాడు సవర పిల్లతో బలవంతంగా తెలుగు పద్యం అప్పజెప్పించకండి. తన భాషలో పాడనివ్వండి.

మళ్లీ తల్లిదండ్రుల దగ్గరికి వస్తాను. వాళ్లతో వాదించి గెలవాలని చూడకండి, పని చూపండి. నాలుగో తరగతికి వచ్చేసరికి తెలుగు చదవడం మొదలైన పిల్లలకు వాచకంలోని పాఠం పక్కనపెట్టి, వాళ్ల ఇంట్లో రేకుపెట్టెలో దాచిన అటవీ హక్కుల పట్టా చదివించండి. 2006 చట్టం కింద ఇచ్చిన కాగితం అది. అందులో భర్త పేరుతో పాటు భార్య పేరూ ఉంటుంది. తండ్రి పేరు, ఊరు, పంచాయతీ, విస్తీర్ణం, సరిహద్దులు ఉంటాయి. ఆ కాగితం అసలు బడికి తెప్పించకండి, పోతే మళ్లీ రాదు. జిరాక్సు తీయించండి, లేదా మీరే ఇంటికి వెళ్లండి. పిల్ల వేలు పెట్టి ఒక్కో గడి చదువుతుంది. ఒకచోట తూర్పున వాగు అని ఉంటుంది, తండ్రి కాదంటాడు, వాగు పడమర అంటాడు. ఇంకోచోట తాత పేరు తప్పుగా పడి ఉంటుంది. దున్నేది ఎంత, కాగితంలో ఉన్నది ఎంత అని అప్పుడే మొదటిసారి పోల్చి చూసుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ సాయంత్రం తర్వాత ఆ తండ్రి మిమ్మల్ని మీడియం గురించి అడగడు.

ఇప్పపూల కాలంలో పొద్దున్నే బడి పెట్టకండి

సాధారణంగా మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు. పొద్దున 8 గంటలకు గంట కొట్టాలి. మైదానంలో ఎండ తప్పించడానికి ఆ వేళ బాగుంటుంది. అడవి ఊళ్లో సరిగ్గా ఆ వేళకే ఇప్పపూలు ఏరుతూ ఉంటారు. రాత్రి పూట, తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. పశువులు, అడవి జంతువులు తినకముందే, ఎండకు వాడకముందే ఏరాలి. ఇంటిల్లిపాదీ చీకట్లోనే బుట్టలు పట్టుకుని వెళతారు. ఆ కొద్ది వారాల పూలతోనే ఉప్పూ నూనె బట్టలు కొనాలి. మీరు ఎనిమిదింటికి గంట కొట్టి, ఖాళీ గదిలో కూర్చుని, డ్రాపౌట్ల జాబితా తయారుచేస్తారు. పదిన్నరకు పిల్లలు ఇల్లు చేరి, ముఖం కడుక్కుని, బడి వైపు చూస్తే అప్పటికి ఇంకో రెండు గంటలకు మూసేసే వేళ.

ఆ రోజుల్లో బడిని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నడిచేలా మార్చండి. మీ అంతట మీరు మార్చితే మెమో వస్తుంది. ముందుగా, అంటే జనవరిలోనే, స్కూలు మేనేజ్‌మెంటు కమిటీతో తీర్మానం రాయించి, పంచాయతీ సంతకం తీసుకుని, ఎంఈఓకి కాపీ ఇచ్చి అనుమతి అడగండి. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ విద్యా క్యాలెండరు నిర్ణయించే బాధ్యత స్థానిక సంస్థకే ఇచ్చింది. ఆ మాట ఉటంకించి రాయండి. ఆఫీసుల్లో చాలామందికి ఆ క్లాజు ఉన్నదన్న సంగతే తెలియదు.

బాలకార్మికులను ప్రోత్సహిస్తున్నారని ఎవరైనా అంటారు. తల్లి వెంట తెల్లవారుజామున తన చెట్టు కింద పూలేరే పిల్లా, మేస్త్రీ వెంట మిర్చి కోతకు ఇల్లు వదిలి వెళ్లిన పిల్లా ఒకటి కారు. రెండోది జరిగితే ఊరుకోకండి. మిర్చి కోతలకు కుటుంబాలు ఎప్పుడు కదులుతాయో ముందే కనుక్కోండి, పిల్లల్ని అవ్వాతాతల దగ్గర ఉంచమని ఇంటింటికీ తిరగండి, రాత్రి బసకు ఎవరూ లేని పిల్లలకు హాస్టల్లో సీటు కోసం పోట్లాడండి. అక్కడ మీరు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

ఊరి క్యాలెండరు ఒకటి గోడ మీద పెద్దగా రాయండి. మీరు రాయకండి, పెద్దపిల్లలతో రాయించండి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య మాసంలో. దీపావళి ముందు దండారీ, గుస్సాడీ. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగ, మగవాళ్లు రోజుల తరబడి వేటకు పోతారు. కోయ ఊళ్లలో విత్తనాల ముందు భూమి పండుగ. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం. కందికొత్తలు, కొర్రకొత్తలు. అరకు, పాడేరు వైపు నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్లు కోస్తారు. తర్వాత కొండచీపుర్లు. ఈ రోజుల్లో పరీక్ష పెట్టి పిల్లలు రాలేదనడం మన తెలివితక్కువతనం. సంక్రాంతికి పది రోజులు సెలవిచ్చి ఇటుకల పండుగకు ఒక్క రోజు ఇవ్వని బడి ఎవరి బడో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

వేసవిలో తునికాకు కోస్తారు. జూన్‌లో బడి తెరవగానే ఆ లెక్కతో మొదలుపెట్టండి. కట్టకు 50 ఆకులు. నువ్వు ఎన్ని కట్టలు కట్టావు, అమ్మ ఎన్ని కట్టింది, కల్లంలో ఎన్ని రాసుకున్నారు, ఎన్నింటికి డబ్బు వచ్చింది? యాభయ్యో ఎక్కం ఎవరూ నేర్పలేదు, అయినా తరగతిలో సగం మందికి వచ్చి ఉంటుంది. తరగతిలో 'రాము దగ్గర 12 యాపిల్ పండ్లు ఉన్నవి' అంటే బిక్కమొహం వేసే పిల్ల సంతలో అమ్మ పక్కన కూర్చుని, చింతపండు తూచే షావుకారు కాటా ముల్లు మీద నుంచి కన్ను తిప్పదు. కాబట్టి సంత రోజున హాజరు తక్కువని బాధపడకండి, మీరూ సంతకు వెళ్లండి. గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధర ఎంత, షావుకారు ఇచ్చింది ఎంత, తేడా ఎంత. అయిదో తరగతి తీసివేతలన్నీ అందులో ఉన్నాయి. ఆ లెక్క ఊళ్లో కొందరికి నచ్చదు. అయినా చెప్పండి.

చదువు రాని వాళ్లతో పాఠం చెప్పించండి

మీ బడికి అరకిలోమీటరు దూరంలో ఒక ముసలాయన ఉంటాడు. వేలిముద్ర వేస్తాడు. ఆయనకు తెలిసిన చెట్ల పేర్లు మీ సైన్సు పుస్తకం మొత్తంలో లేవు. వారానికో పూట ఆయన్ని పిలవండి. కుర్చీ వేయండి, మీ కుర్చీ. పిల్లలు రాసుకుంటారు, మీరూ రాసుకోండి. గోండు ఊరైతే కిక్రీ వాయించే ప్రధానుల్ని పిలవండి. కోయ ఊరైతే పడిగె విప్పి కులగోత్రాల కథలు, సమ్మక్క కథ పాడే డోలి వాళ్లను పిలవండి. అలా మౌఖికంగా కథలు పాడిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది మర్లవాయికి చెందిన కనకరాజుకు గుస్సాడీ నృత్యానికి వచ్చింది. ఢిల్లీ గుర్తించిన విద్య మన బడి గడప తొక్కడానికి ఇంకా ఎందుకు మొహమాటపడాలి?

గోండులకు లిపి లేదని చెప్పే టీచర్లు ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో పాత రాతప్రతులు దొరికాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. సవరలకు మాంగెయ్ గొమాంగో 1936లో సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. పిల్లలకు ఈ లిపులు నేర్పి తీరాలని నేననను. ఉన్నాయని మాత్రం తెలియాలి. తమ తాతల్లో రాసినవాళ్లు ఉన్నారని తెలిసిన పిల్ల పెన్సిలు పట్టుకునే తీరు వేరు.

తల్లిదండ్రుల సమావేశం బడిలో పెట్టకండి. పొలం పని వదిలి వచ్చి, బల్లల మీద ఇరుక్కు కూర్చుని, మీ ఉపన్యాసం విని, సంతకం పెట్టి వెళతారు. సాయంత్రం వాళ్ల అరుగు మీదికి మీరు వెళ్లండి. చోడి అంబలి ఇస్తే తాగండి.

హాస్టల్ నుంచి పారిపోయి వచ్చిన పిల్లను వెంటనే వెనక్కి పంపకండి

మూడో తరగతికో, ఆరో తరగతికో ఆశ్రమ పాఠశాలకు పంపిన పిల్ల ఒక పొద్దున అడవి దారిన నడిచి ఊరికి వచ్చేస్తుంది. వార్డెను ఫోను చేస్తారు, పంపేయమంటారు. తండ్రి చెయ్యి పట్టి లాక్కెళ్లబోతాడు. ఆపండి. ఆ పిల్ల క్షేమంగా ఉన్నదని హాస్టలుకు కబురు చేసి, మీ బడిలో కూర్చోనివ్వండి, అన్నం పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత, తోటి ఆడపిల్లల మధ్య, తన భాషలో, ఏం జరిగిందో అడగండి. మరుగుదొడ్డికి నీళ్లు లేక కావచ్చు, జ్వరం వచ్చినా ఎవరూ చూడక కావచ్చు, పెద్ద క్లాసు పిల్లలు కొట్టి ఉండొచ్చు, నలుగురిలో జుట్టు కత్తిరించి ఉండొచ్చు. అంతకన్నా చెడ్డదీ జరిగి ఉండొచ్చు. అలాంటిది ఏదైనా బయటపడితే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి మీరే ఫోను చేయండి. ఊరి పెద్దలతో మాట్లాడి సర్దుబాటు చేయబోయేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఏదీ లేదు, ఇల్లు గుర్తొచ్చింది అంటే, అదీ కారణమే. ఎనిమిదేళ్ల పిల్లకు ఇల్లు గుర్తుకు రావడం ఆమె తప్పు కాదు. ఒక వారం ఉండనిచ్చి, మీరూ తల్లీ కలిసి వెళ్లి దిగబెట్టండి. మధ్యలో ఒకసారి చూసి రండి.

గురుకుల ప్రవేశ పరీక్షకు చురుకైన ఇద్దరిని ఏరి, మిగిలిన పద్దెనిమిది మందికి పలక ఇచ్చి కూర్చోబెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఆ ఇద్దరి ఫొటో పేపర్లో వస్తుంది. దయచేసి చేయకండి.

మీ కుర్చీకి ఎసరు పెట్టే మనిషిని మీరే తయారుచేయండి

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ని పంపింది. ఆయనా భార్య బెట్టీ మర్లవాయిలో గుడిసెలో ఉన్నారు. 1943లో అక్కడ గోండుల విద్యా పథకం మొదలైంది. బయటి నుంచి టీచర్లను తెచ్చే ఆలోచన పెట్టుకోలేదు. కొద్దోగొప్పో అక్షరాలు వచ్చిన గోండు యువకులను మర్లవాయిలో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. వాళ్ల కోసం గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చువేశారు. ఆ యువకులే తిరిగి ఊళ్లకు వెళ్లి బడులు పెట్టారు. అక్కడ చదివినవాళ్లలోంచి టీచర్లే కాక చిన్న ఉద్యోగులూ వచ్చారు. తర్వాత పాలన మారింది, బోధనా భాష మారింది, గోండి వాచకాలు మూలపడ్డాయి. కానీ ఊరివాడే టీచరైతే బడి నడుస్తుందా అన్న ప్రశ్నకు ఎనభై ఏళ్ల కిందటే జవాబు దొరికింది. బెట్టీ సమాధి ఈనాటికీ మర్లవాయిలో ఉంది, ఉట్నూరు వైపు వెళితే చూసి రండి.

2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం ఉంచింది. తీర్పు మీద న్యాయవాదులు వాదించుకోనివ్వండి. టీచరుగా నాకు తెలిసింది ఒకటే, కోయ పిల్లకు కోయలో పలికే టీచరు పక్కన ఎంత డిగ్రీ ఉన్న మనిషైనా రెండో వరసే. మీరు బయటినుంచి వచ్చారు, మీ తప్పేమీ లేదు. ఆ లోటు పూడ్చే పని మాత్రం మీదే.

ఊళ్లో ఇంటర్ చదివి, కాలేజీ మానేసి తిరిగి వచ్చిన అమ్మాయి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆమెను బడికి తీసుకురండి. మాతృభాషా వాలంటీరు పోస్టు ఉంటే ఆ పేరుతో, లేకపోతే ఊరికే. మీరు గణితం చెబుతుంటే ఆమె పిల్లల భాషలో అందుకోవాలి, కొన్నాళ్లకు ఆమె చెబుతుంటే మీరు తెలుగులో అందుకోవాలి. డీఎడ్ ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టండి, పుస్తకాలు ఇవ్వండి, టెట్‌కు కూర్చోబెట్టండి. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు ఆమె చేత పాఠం చెప్పించండి, మీరు వెనక బెంచీలో కూర్చోండి. అధికారికి నచ్చకపోవచ్చు. పిల్లల జవాబులు వినమనండి.

బదిలీ వచ్చిన రోజు చార్జి అప్పగించేటప్పుడు బల్లలు, బియ్యం నిల్వ, ట్యాబులు అన్నీ జాబితా రాస్తారు. దాంతోపాటు పొడుగు నోటుపుస్తకం, ఊరి క్యాలెండరు కాపీ, ఇంటింటి పిల్లల అసలు పేర్లు (రిజిస్టరులో మనం మార్చేసినవి కాదు, ఇంట్లో పిలిచేవి), కమిటీ తీర్మానం నకలు కూడా జాబితాలో రాసి సంతకం తీసుకోండి. వాలంటీరు అమ్మాయికి ఎన్ని నెలల గౌరవవేతనం రావాలో, ఆ ఫైలు ఏ ఆఫీసులో ఎవరి టేబులు దగ్గర ఆగిందో, చివరిసారి మీరు ఎప్పుడు అడిగారో అందులోనే తేదీలతో రాసి, కొత్తగా వచ్చిన టీచరు చేతికి ఇవ్వండి.